బీడీ మాని వేప్ పట్టుకుంటే ఆరోగ్యం బాగుపడుతుందా?



"బీడీ ఎంత మానాలన్నా మానలేకుండా ఉండా సార్. మా పిల్లోడు కువైట్ నుంచి వేప్ తెచ్చినాడు. దానికి మారితే దగ్గు తగ్గిపోతాదంట గదా?"

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి దగ్గు, ఆయాసంతో వచ్చేవారు ఈ మధ్య ఇలాంటి ప్రశ్న అడుగుతున్నారు. మన కడప జిల్లా నుండి ఎంతోమంది బ్రతుకుదెరువు కోసం కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. కొందరి పిల్లలు ఇంగ్లండులో, అమెరికాలో చదువుకుంటున్నారు. ఆ దేశాల్లో వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్ కనబడుతుంది. "అక్కడ డాక్టర్లే ఇమ్మంటున్నారు" అన్న మాట కూడా ఊరికి చేరింది. ఆ మాటలో కొంత నిజం ఉంది, చాలా లోటు కూడా ఉంది. ఆ రెండింటినీ విడదీసి చెప్పడానికే ఈ వ్యాసం.

పొగలో ఏముంది?

బీడీ, చుట్ట, సిగరెట్ ఏదైనా సరే, పొగాకు కాలినప్పుడు వచ్చే పొగలో సుమారు 7,000 రకాల రసాయనాలు ఉంటాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కలిగించేవి. సామాన్యులు గుర్తుపెట్టుకోవలసినవి మూడు.

మొదటిది తారు. ఇది ఊపిరితిత్తుల్లో జిగురుగా పేరుకుంటుంది. క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఎక్కువగా ఇందులోనే ఉంటాయి.

రెండవది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. ఇది రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. గుండెకు, మెదడుకు, గర్భిణీ అయితే కడుపులోని బిడ్డకు అందవలసిన ప్రాణవాయువు తగ్గిపోతుంది.

మూడవది నికోటిన్. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే ఇది మెదడుకు చేరి హాయి అనిపిస్తుంది. గంట, రెండు గంటలకు దాని ప్రభావం తగ్గగానే చిరాకు, మనసు నిలవకపోవడం, మళ్లీ బీడీ కోసం చెయ్యి వెతుక్కోవడం మొదలవుతాయి. మనిషిని కట్టిపడేసేది నికోటిన్. క్యాన్సర్‌కు, ఊపిరితిత్తుల జబ్బుకు ప్రధాన కారణం మాత్రం కాలిన పొగ. ఈ తేడా తెలిస్తే మిగతా విషయమంతా సులువుగా అర్థమవుతుంది.

"బీడీ చిన్నదే కదా, ఆకే కదా!"

తునికాకులో చుట్టిన బీడీ సహజమైనదని, సిగరెట్ కంటే మేలని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. బీడీలో పొగాకు తక్కువే అయినా, ఆరిపోకుండా ఉండడానికి మాటిమాటికీ గట్టిగా పీల్చవలసి వస్తుంది. అందువల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు ఏమీ తీసిపోకుండా, తరచు అంతకన్నా ఎక్కువే లోపలికి పోతాయి.

2016-17లో మన దేశంలో జరిగిన పొగాకు సర్వే ప్రకారం పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్ తాగేవారు 4 శాతం అయితే, బీడీ తాగేవారు 7.7 శాతం. అంటే మన దేశంలో పొగ సమస్య ముందుగా బీడీ సమస్యే. 2008లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం, మన దేశంలో బీడీ తాగే పురుషుల ఆయుష్షు సుమారు 6 ఏళ్లు, బీడీ తాగే స్త్రీల ఆయుష్షు సుమారు 8 ఏళ్లు, సిగరెట్ తాగే పురుషుల ఆయుష్షు సుమారు 10 ఏళ్లు తగ్గుతున్నదని తేల్చింది.

వేప్ ఎలా పనిచేస్తుంది?

2003లో హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు ఈ పరికరాన్ని రూపొందించాడు. ఆయన కూడా సిగరెట్ తాగేవాడే. ఇందులో పొగాకు ఆకు కాలదు. ఒక చిన్న బ్యాటరీ తీగచుట్టను వేడి చేస్తుంది. ఆ వేడికి లోపలి ద్రవం ఆవిరిలా మారుతుంది. ఆ ద్రవంలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, రుచి కోసం కలిపే పదార్థాలు, చాలావాటిలో నికోటిన్ ఉంటాయి. చూడడానికి పెన్ను లాగా, పెన్‌డ్రైవ్ లాగా కూడా ఉంటుంది.

మంట లేదు గనుక కార్బన్ మోనాక్సైడ్, తారు పొగలో ఉన్నట్టు ఉండవు. అయితే వచ్చేది వట్టి నీటి ఆవిరి అనుకోకూడదు. అందులో నికోటిన్‌తో పాటు సన్నని కణాలు, వేడి వల్ల పుట్టే ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనాలు, కొన్నిసార్లు లోహపు అణువులు కూడా ఉంటాయి. పొగతో పోలిస్తే వీటి మోతాదు చాలా తక్కువ. శుభ్రమైన గాలితో పోలిస్తే మాత్రం ఎక్కువే.

మారినవారికి కలిగే మేలు

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బీడీ, సిగరెట్ పూర్తిగా వదిలేసి వేప్‌కు మారినవారి రక్తంలో, మూత్రంలో విషపదార్థాల జాడలు బాగా తగ్గుతాయి. కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతుంది. నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగి వస్తాయి. దగ్గు, కఫం తగ్గాయని చాలామంది చెబుతారు. ఇంట్లో పిల్లల మీద పొగ పడడం ఆగుతుంది.

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో, వేప్ వల్ల హాని సిగరెట్ కంటే సుమారు 95 శాతం తక్కువ అని అంచనా వేసింది. ఈ అంకె మీద వైద్యుల్లో వాదాలు నడిచాయి. అయినా బ్రిటన్ అదే దారిలో సాగి, 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు వేప్ పరికరాలు ఇచ్చి మాన్పించే పథకం ప్రకటించింది.

అక్కడే 886 మంది మీద జరిగిన పరీక్ష 2019లో ప్రచురితమైంది. పొగ మానాలని వచ్చినవారిలో సగం మందికి వేప్, సగం మందికి నికోటిన్ గమ్, పట్టీల వంటివి ఇచ్చారు. అందరికీ ప్రతివారం సలహాదారు మాట్లాడేవారు. ఏడాది తర్వాత చూస్తే వేప్ వాడినవారిలో 18 శాతం, గమ్, పట్టీలు వాడినవారిలో 9.9 శాతం మంది పొగ మానేశారు.

ఇంతవరకు విన్నవారికి "మరి మనమూ మారితే పోలా?" అనిపిస్తుంది. తర్వాతి సంగతులు కూడా చదివి నిర్ణయించుకోండి.

ఆ మేలుకు ఉన్న హద్దులు

ఒకటి: అదే పరీక్షలో వేప్‌తో పొగ మానినవారిలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. గమ్, పట్టీలతో మానినవారిలో 9 శాతం మందే ఇంకా వాటిని వాడుతున్నారు. అంటే చాలామందికి బీడీ బానిసత్వం పోయి వేప్ బానిసత్వం వచ్చింది.

రెండు: మేలంతా పూర్తిగా మారినవారికే. ఇంట్లో వేప్, టీ అంగడి దగ్గర బీడీ అన్నట్టు రెండూ నడిపేవారికి పెద్దగా లాభం లేదు. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగేవారికి ఉండే అదనపు గుండెజబ్బు ప్రమాదంలో దాదాపు సగం ఉంటుందని 2018లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. "తగ్గించినా సార్" అనే మాట గుండెకు చాలదు.

మూడు: నికోటిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. ఎదిగే పిల్లల మెదడుకు, గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది. వేప్ ద్రవాన్ని చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగు: పొగాకు క్యాన్సర్ బయటపడడానికి 20, 30 ఏళ్లు పడుతుంది. వేప్ బజారులోకి వచ్చి రెండు దశాబ్దాలే. జీవితమంతా పీల్చినవారు ఇంకా ఎవరూ లేరు.

ఐదు: ద్రవంలో ఏమి కలిసిందో తెలియకపోతే ప్రాణాపాయం. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువమంది గంజాయి సారం కలిపిన ద్రవాలు పీల్చినవారు. వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే నూనె ప్రధాన కారణమని తేలింది. దొంగచాటు సరుకు ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో చట్టం

బ్రిటన్‌లో ద్రవంలో నికోటిన్ ఎంత ఉండాలో చట్టం నిర్ణయిస్తుంది. ఒక మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. అక్కడి వైద్యులు ధైర్యంగా చెప్పడానికి అది ఒక కారణం.

మన దేశంలో పరిస్థితి వేరు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ ద్వారా, ఆ డిసెంబరులో చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు, లేదా 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి గల్ఫ్ నుండి వచ్చే కొడుకునో, అల్లుణ్ణో "నాకొక వేప్ తెచ్చిపెట్టు" అని అడగకండి. ప్రేమతో తెచ్చిన వస్తువు విమానాశ్రయంలోనే అతణ్ణి చిక్కుల్లో పడేస్తుంది.

నిషేధం ఉన్నా చాటుగా అమ్మేవారు ఉన్నారు. ఆ సరుకులో నికోటిన్ ఎంతో, మరేమి కలిసిందో తనిఖీ చేసే నాథుడు లేడు. పైగా పండ్ల రుచులు, రంగురంగుల డబ్బాలు చూసి దానికి ఆకర్షితులయ్యేది యాభై ఏళ్ల బీడీ తాత కాదు, ఎన్నడూ బీడీ ముట్టని కాలేజీ పిల్లవాడు. పొగ అలవాటు లేనివారికి వేప్ వల్ల మేలు రవ్వంత కూడా లేదు. నష్టమే.

వీరు మరింత జాగ్రత్తగా ఉండాలి

క్షయ ఉన్నవారు: తమిళనాడులో 43,000 మంది పురుషుల మరణాలను పరిశీలించిన అధ్యయనం 2003లో వెలువడింది. పొగ తాగేవారిలో క్షయ మరణాలు తాగనివారికంటే నాలుగు రెట్లకు పైగా ఉన్నాయని అది చూపింది. క్షయ మందులు మింగుతూ బీడీ తాగడం, కుండకు చిల్లు పెట్టి నీళ్లు పోయడం వంటిది.

రాళ్ల పనివారు: జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో కడప రాయి కోత, పాలిష్ పనుల్లో ఉన్నవారి ఊపిరితిత్తులు దుమ్ముతో అప్పటికే దెబ్బతింటాయి. పొగ తోడైతే ఆయాసం త్వరగా వస్తుంది. పూర్వం పులివెందుల ప్రాంతపు రాతినార గనుల్లో, అంటే ఆస్బెస్టాస్ గనుల్లో పనిచేసినవారు పొగ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. వారు తమ పాత పని గురించి డాక్టరుకు తప్పక చెప్పాలి.

కాలి వేళ్లు నల్లబడేవారు: బీడీ తాగే యువకుల్లో కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయి, నడిస్తే పిక్కలు పట్టేసి, చివరకు వేళ్లు కుళ్లే జబ్బు ఒకటి ఉంది. దాన్ని బర్జర్స్ జబ్బు అంటారు. పొగాకు పూర్తిగా మానితేనే కాలు దక్కుతుంది. వీరికి వేప్ కూడా పనికిరాదు, ఎందుకంటే ఏ రూపంలోనైనా నికోటిన్ ఆ జబ్బును నడిపిస్తుంది.

చక్కెర జబ్బు, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు: వీరు డాక్టరు సలహా లేకుండా నికోటిన్ ఉన్న ఏ వస్తువునూ వాడకూడదు.

బీడీ మానడానికి ఖైనీ, గుట్కా, జర్దా నోట్లో పెట్టుకునేవారు కూడా ఉన్నారు. అది ఊపిరితిత్తుల గండం తప్పించుకోబోయి నోటి క్యాన్సర్‌లో పడడమే.

మరి మన దగ్గర దొరికే దారి ఏది?

పొగ లేకుండా, అదుపులో ఉన్న మోతాదులో నికోటిన్ ఇచ్చి, దాన్ని మెల్లగా తగ్గిస్తూ మాన్పించడమే వేప్‌లోని మంచి సూత్రం. ఆ సూత్రంతోనే పనిచేసే మందులు మన దేశంలో చట్టబద్ధంగా దొరుకుతాయి. వీటిని 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా చేర్చారు.

నికోటిన్ గమ్: 2 మి.గ్రా., 4 మి.గ్రా. మోతాదుల్లో వస్తుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి బీడీ వెలిగించేవారికి సాధారణంగా ఎక్కువ మోతాదు కావాలి. దీన్ని మామూలు చూయింగ్ గమ్ లాగా నమలకూడదు. ఘాటు తగిలేవరకు మెల్లగా నమిలి, చెంపకు, చిగురుకు మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలి మింగితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. గమ్ వేసుకోవడానికి 15 నిమిషాల ముందు నుండి టీ, కాఫీ, సోడా, చీనీకాయ రసం, నిమ్మరసం తాగవద్దు. పులుపు ఉంటే నికోటిన్ నోటి నుండి రక్తంలోకి ఎక్కదు. చీనీ తోటల పులివెందులవారు ఈ మాట ముఖ్యంగా గుర్తుంచుకోవాలి!

నికోటిన్ పట్టీ: చర్మానికి అంటించుకునేది. రోజంతా కొద్దికొద్దిగా నికోటిన్ ఇస్తుంది. పట్టీ, గమ్ రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికంటే బాగా పనిచేస్తాయి.

మాత్రలు: వరెనిక్లిన్, బుప్రోపియాన్ డాక్టరు చీటీతోనే వాడాలి. ఫిట్స్ ఉన్నవారికి బుప్రోపియాన్ ఇవ్వరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో పొగాకు మాన్పించే చికిత్స మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మందులన్నిటినీ, వాటితో పాటు సలహా, సహాయాన్ని సిఫారసు చేసింది. మందు ఒక్కటే కంటే మందు, మాట రెండూ కలిస్తే ఫలితం ఎక్కువ.

ఒక హెచ్చరిక: ఆయాసానికి థియోఫిల్లిన్ రకం మాత్రలు వాడేవారు పొగ మానితే ఆ మందు రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. గుండెదడ, వాంతులు రావచ్చు. మానే ముందే డాక్టరుకు చెబితే మోతాదు సరిచేస్తారు.

మానే వారం కోసం కొన్ని సూచనలు

1. ఒక తేదీ పెట్టుకోండి. ఇంట్లో అందరికీ చెప్పండి.
2. ఆ ముందు రాత్రి బీడీ కట్టలు, అగ్గిపెట్టె, లైటరు పారేయండి. "ఒకటి దాచుకుంటా" అనుకోవద్దు.
3. మొదటి మూడు రోజులు కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి సహజం. రెండు నుండి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి.
4. బీడీ తాగాలన్న కోరిక సాధారణంగా కొద్ది నిమిషాలే గట్టిగా ఉంటుంది. ఆ సమయంలో గ్లాసు నీళ్లు తాగండి, నాలుగడుగులు నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి. సోంపు, లవంగం నోట్లో వేసుకోండి.
5. "బీడీ కాలిస్తేనే దొడ్డికి వస్తుంది" అని చాలామంది భయపడతారు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది గనుక మానిన కొత్తలో మలబద్ధకం నిజమే. లేవగానే గోరువెచ్చని నీళ్లు, రోజూ ఆకుకూరలు, జొన్న లేదా కొర్ర అన్నం, అరటిపండు తీసుకుంటే కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.
6. కొన్నాళ్లు టీ అంగడి స్నేహితులకు, సారాయికి దూరంగా ఉండండి.
7. ఒకసారి జారితే అంతా పోయిందనుకోవద్దు. చాలామంది రెండు మూడు ప్రయత్నాల తర్వాతే మానగలుగుతారు.

మాట సాయం కావాలంటే జాతీయ పొగాకు విముక్తి ఉచిత ఫోను 1800 11 2356 ఉంది. 2016లో మొదలైన ఈ సేవ ప్రాంతీయ భాషలకూ విస్తరించింది. బీడీ కట్ట మీద, సిగరెట్ పెట్టె మీద ముద్రించేది ఈ నంబరే.

ఇంటివారికి ఒక మాట

భార్యాపిల్లలు తిట్టిపోస్తే మనిషి చాటుకు వెళ్లి తాగుతాడు. "ఈ రోజుకు ఎన్ని రోజులైంది నాయనా?" అని అడిగే కూతురి మాట మందుకంటే బాగా పనిచేస్తుంది. మానిన మొదటి వారాల్లో ఆయన కసురుకుంటే అది నికోటిన్ చేయిస్తున్న పని అని ఓర్చుకోండి. రోజుకు 30 రూపాయల బీడీలు మానితే ఏడాదికి 10,950 రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బు ఒక డబ్బాలో వేసి, పిల్లల ఫీజుకో, ఇంటి ఖర్చుకో వాడండి. కళ్లెదుట కనబడే లాభం మనిషిని నిలబెడుతుంది.

మానితే దేహంలో ఏం జరుగుతుంది?

20 నిమిషాల్లో గుండె వేగం, రక్తపోటు తగ్గుతాయి. 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. 2 నుండి 12 వారాల్లో రక్తప్రసరణ, ఊపిరితిత్తుల పని మెరుగుపడతాయి. 1 నుండి 9 నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఏడాదికి గుండెజబ్బు అదనపు ప్రమాదం సగమవుతుంది. పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం తాగేవారితో పోలిస్తే సుమారు సగానికి పడిపోతుంది.

"ఇంత వయసొచ్చినాక ఇంకేం మానేది?" అనే పెద్దలకు కూడా జవాబు ఉంది. బ్రిటన్ డాక్టర్లనే 50 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఫలితాలను రిచర్డ్ డాల్, ఆయన సహచరులు 2004లో ప్రచురించారు. 30 ఏళ్ల వయసులో మానినవారికి సుమారు 10 ఏళ్లు, 40లో మానితే 9 ఏళ్లు, 50లో మానితే 6 ఏళ్లు, 60లో మానినా 3 ఏళ్ల ఆయుష్షు కలిసివస్తున్నదని అందులో తేలింది. మూడేళ్లంటే ఒక మనవరాలి పెళ్లి చూడడం, ఒక మనవడికి అక్షరాలు దిద్దించడం.

కాబట్టి వేప్ విషయంలో మా సలహా ఇది. విదేశంలో ఉంటూ పొగ మానలేక వేప్‌కు పూర్తిగా మారిన మీ బంధువు తిరిగి సిగరెట్‌కు వెళ్లకూడదు. అక్కడి వైద్యుని సాయంతో నికోటిన్ తగ్గిస్తూ వేప్‌ను కూడా వదలాలి. ఇక్కడ ఉన్నవారికి ఆ దారి అక్కరలేదు, చట్టమూ ఒప్పుకోదు. గమ్, పట్టీ, మాత్ర, మాట సాయం మనకు అందుబాటులో ఉన్నాయి. రెండు వారాలకు మించి దగ్గు, కఫంలో రక్తం, బరువు తగ్గడం, నోట్లో మానని పుండు ఉంటే ఆలస్యం చేయక పరీక్షకు రండి. వచ్చేటప్పుడు రోజుకు ఎన్ని బీడీలు, ఎన్నేళ్ల నుండి అనే లెక్క దాచకుండా చెప్పండి. ఆ లెక్కను బట్టే మందు మోతాదు నిర్ణయమవుతుంది.